చీర చూపించేది ఒకరు, నంబరు పడేది ఇంకొకరిది

రేటింగ్ ముందే చెప్పేస్తా. చీరలు కొనడానికైతే నాలుగు స్టార్లు, పని చేయడానికైతే రెండు. కూకట్‌పల్లి మెయిన్ రోడ్డు మీద నాలుగంతస్తుల బట్టల షాపు ఇది. పేరు రాయను, నాకు కావాల్సినవాళ్ళు ఇంకా అక్కడే పని చేస్తున్నారు. డిగ్రీ రెండో ఏడాదిలో ఆషాఢం ఆఫర్లు మొదలైన వారం చేరి, దీపావళి అయ్యాక మానేశాను. మామూలు రోజుల్లో సాయంత్రం నాలుగున్నర నుంచి తొమ్మిదిన్నర, ఆదివారమైతే పొద్దున పది నుంచి షట్టర్ దించేదాకా, నెలకి 8,000.

మంచి కూడా ఉంది. జీతం ఐదో తారీఖుకల్లా చేతికొచ్చేది, ఒక్కసారి కూడా గుర్తు చేయాల్సిన పని పడలేదు. సరుకు విషయంలో మోసం చేయరు. పోచంపల్లి అంటూ ప్రింటు చీర అంటగట్టడం నేనున్నన్నాళ్ళూ చూడలేదు. అసలుదైతే నూలుకే ముందు రంగు అద్ది నేస్తారు కాబట్టి డిజైన్ రెండు వైపులా కనిపిస్తుంది, ప్రింటుదైతే తిరగేస్తే వెలవెలబోతుంది, ఇది నాకు నేర్పింది మా కౌంటర్ అక్కే. గద్వాల చీరలో కాటన్ ఒంటికి పట్టు అంచు ఎక్కడ కలిపారో వేలితో తడిమి చూడమనేది. కాలేజీలో మూడేళ్ళు చదివినదాని కంటే ఇదే బాగా గుర్తుంది, నిజంగా.

ఇప్పుడు అసలు సంగతి. మీరు చీర ఓకే అన్నాక మేం చిన్న స్లిప్ మీద సేల్స్ నంబరు వేసి బిల్లింగ్‌కి పంపుతాం. ఏ నంబరు మీద ఎంత అమ్మకం అయిందో నెలాఖరున లెక్క తీసి, పట్టు సెక్షన్‌లో వందకి ఒక రూపాయి చొప్పున ఇన్సెంటివ్ ఇస్తారు. పార్ట్‌టైమ్ వాళ్ళకి నంబరు ఉండదు. అంటే మేం అమ్మినదంతా ఎవరో ఒక సీనియర్ నంబరు మీదకి వెళ్తుంది, ఏ సీనియరో ఫ్లోర్ మేనేజర్ చెప్తాడు. శ్రావణంలో పెళ్ళి పెట్టుకున్న ఒక కుటుంబం వచ్చింది, పెళ్ళికూతురు, అమ్మ, ఇద్దరు పిన్నులు, ఏ రంగూ నచ్చని ఒక మేనత్త. రెండున్నర గంటల్లో డెబ్భై చీరలు విప్పి ఉంటాను, భుజం మీద వేసుకుని చూపించాను, అద్దం దగ్గరికీ కౌంటర్‌కీ తిరిగాను. బిల్లు 64,000. అంటే 640 రూపాయలు, నా రెండు రోజుల జీతం కంటే ఎక్కువ, అది పక్క కౌంటర్ ఆయన నంబరు మీద పడింది. ఆయన ఆ టైమ్‌లో టీకి వెళ్ళాడు.

మేనేజర్‌ని అడిగాను. "పార్ట్‌టైమ్‌కి సిస్టమ్‌లో ఆప్షన్ లేదమ్మా" అన్నాడు. కానీ ఆలస్యమైతే కోతకి మాత్రం ఆప్షన్ ఉంది, పది నిమిషాలు దాటితే సగం రోజు ఎగిరిపోతుంది. రాత్రి మాత్రం తొమ్మిదిన్నరకే వేలు పెట్టి పంచ్ కొట్టించేవాళ్ళు, మడతలు ఆ తర్వాత. డెబ్భై చీరలు విప్పిన రోజు ఆ మడతలకి ఎంతసేపు పడుతుందో లెక్కేసుకోండి.

అయితే సీనియర్లని తిట్టడానికి నాకు నోరు రాదు. జనం లేని నెలల్లో ఖాళీ షాపులో పొద్దుట్నుంచీ నిలబడి, టార్గెట్ రాలేదని మాటలు పడేది వాళ్ళు. తీరా సీజన్ వచ్చేసరికి మాలాంటి వాళ్ళం దిగి అమ్మకాలు పంచుకుంటే కడుపు మండదా? మా కౌంటర్ అక్క నంబరు మీద కూడా నా అమ్మకాలు పడేవి. ఆవిడ ఇన్సెంటివ్ వచ్చిన రోజు నా లంచ్ బాక్స్ మూత కింద ఐదొందల నోటు పెట్టి, ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోయేది. టీకి వెళ్ళిన ఆయన ఎప్పుడూ ఇవ్వలేదు. షాపు సరిగ్గా పంచాల్సింది పోయి, ఎవరి మనసు ఎంత పెద్దదో దాన్నిబట్టి నాకొచ్చేది తేలిందన్నమాట.

సెలవులూ అంతే. వరలక్ష్మీ వ్రతం రోజు చాలామందికి సగం పూట జీతంతో వదిలారు, సంతోషమే. ఆ రోజు మా సెక్షన్ మొత్తం మోసింది నేనూ, ముస్లిం అక్క ఒకావిడా. అదే అక్కకి రంజాన్ రోజు సెలవిచ్చి జీతంలో కోసేశారట. ఆవిడ నవ్వుతూనే చెప్పింది గానీ నాకు నవ్వు రాలేదు.

కూర్చోవడం గురించి కూడా రాయాలి. షాపుల్లో పనిచేసే వాళ్ళకి సీటు ఉండాలని కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో చట్టం మార్చి మరీ రాశారు. కేరళలోనైతే కోళికోడ్ బట్టల షాపు ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడితే వచ్చిందది. మా దగ్గర కూడా స్టూల్ ఉంది, లేదనను. దాని మీద జాకెట్ ముక్కల కట్ట ఉండేది. కట్ట దించి కూర్చున్న రోజు పైనుంచి ఫోన్ వచ్చింది, సీసీ కెమెరాలో కనిపించానట.

కొనేవాళ్ళకి చెప్పేదొకటే. పట్టు చీరలు రెండో అంతస్తులో, ఆదివారం వద్దు, మంగళవారం సాయంత్రం వెళ్తే తీరిగ్గా చూపిస్తారు. స్లిప్ రాసేటప్పుడు మాత్రం, ఇంతసేపూ మీకు చూపించిన అమ్మాయి నంబరే వేస్తున్నారా అని ఒక్క మాట గట్టిగా అడగండి. మేం అడిగితే పట్టించుకోరు, మీరు అడిగితే మేనేజర్ లేచి వస్తాడు.