బొమ్మరింటి చెక్క నేలకు వెనీర్ టేపు: ఎండా వానా చూశాక

బొమ్మరింట్లో చెక్క నేల వేయాలంటే మనలో చాలామంది ఐస్‌క్రీమ్ పుల్లలతోనే మొదలుపెడతారు. నేనూ వాటితోనే వేశాను. కానీ వెనక వేడికి కరిగే జిగురు పూసి చుట్టగా వచ్చే టేకు వెనీర్ టేపు (కాగితంలా పల్చటి టేకు చెక్క పొర) చేతికొచ్చాక మళ్లీ వాటి జోలికి పోలేదు. దానికి ఒకటే కారణం: దీనికి తడి అక్కర్లేదు, ఇస్త్రీ పెట్టె చాలు.

ఆ ఒక్క సుగుణం ఎంత పెద్దదో తెల్ల జిగురుతో వేగినవాళ్లకే తెలుస్తుంది. చెక్క తడి పీలిస్తే అడ్డంగా ఉబ్బుతుంది, నిలువునా మాత్రం దాదాపు కదలదు. పల్చటి చెక్కకు ఒకవైపు జిగురు రాయగానే అందులోని నీళ్లు ఆ వైపే పట్టి, బద్ద దోనెలా వంగుతుంది. కింద అట్ట ఉంటే అదీ లేస్తుంది. పుస్తకాలు, పప్పు డబ్బాలు బరువు పెట్టి తెల్లారేదాకా టెన్షన్ పడాలి. సందుల్లోంచి ఉబికిన జిగురుతో ఇంకో బాధ. అది ఆరిన చోట రంగు ఇంకదు, పాలిపోయిన మచ్చలు మిగులుతాయి. ఈ టేపుతో నాకు ఆ రెండు బాధలూ తప్పాయి. హైదరాబాద్ వానాకాలంలో, బట్టలే ఆరని రోజుల్లో వేసిన నేల కూడా చదునుగానే ఉంది.

నాది 1:12 ఇల్లు, అంటే అసలు ఇంట్లో పన్నెండంగుళాలు ఇందులో ఒక అంగుళం. బొమ్మల ఫర్నిచర్ ఎక్కువగా ఆ కొలతలోనే దొరుకుతుంది. రాష్ట్రపతి భవన్ రూపశిల్పి లట్యెన్స్ గీయగా 1924లో పూర్తయిన బ్రిటన్ క్వీన్ మేరీ బొమ్మరిల్లుదీ అదే కొలత. 22 మి.మీ. టేపును నిలువునా రెండుగా చీలిస్తే 11 మి.మీ. బద్దలు వస్తాయి. అంటే అసలు ఇంట్లో ఐదంగుళాలకు కాస్త ఎక్కువ వెడల్పున్న చెక్కలన్నమాట. మా అమ్మమ్మగారి మేడగది నేల సుమారు అలాగే ఉండేది. కత్తెర వాడితే చెక్క నార వెంట చీలిపోతుంది. స్టీలు స్కేలు పెట్టి, కొత్త బ్లేడుతో నాలుగైదుసార్లు తేలిగ్గా గీస్తే చక్కగా తెగుతుంది. అతికించేముందు బద్ద అంచులకు పెన్సిల్ రాస్తే చెక్కల మధ్య సందు గీత దానంతట అదే వస్తుంది.

అతుకులు ఎక్కడ పడాలన్న దాని మీద నాకు కొంచెం పట్టింపు ఉంది. నిజం ఇంట్లో చెక్క ఎక్కడపడితే అక్కడ ఆగదు, కింద ఉన్న దూలం మీదే ఆగుతుంది, మేకులూ అక్కడే పడతాయి. అందుకే నేలంతా కనిపించని దూలాలు గీసుకుని, ఆ గీతల మీదే అతుకులు వచ్చేలా పేరుస్తాను. 0.5 మి.మీ. మర పెన్సిల్ ములుకుతో పొడిస్తే మేకు తలలు. చూసేవాళ్లు కారణం చెప్పలేరు గానీ నేల నిజమనిపిస్తుంది.

ఇక అసలు సంగతి. మే నెలలో మేనకోడలి పుట్టినరోజుకని ఈ ఇంటిని కారు వెనకసీట్లో పెట్టుకుని విజయవాడ బయల్దేరాం. సూర్యాపేట దగ్గర భోజనానికి ఆగాం. ఆ ఎండలో అద్దాలు మూసిన కారు లోపల వేడి 60 డిగ్రీలు కూడా దాటిపోవచ్చు. వేడికి అతుక్కునే జిగురు వేడికే మెత్తబడుతుంది. దానికితోడు మిగతా దారంతా కుదుపులు. అన్నయ్య ఇంట్లో దించగానే పిల్ల తొంగిచూసి, "అత్తా, నేల లేచింది" అంది. కిటికీ పక్క వరసలో బద్దల కొనలు పైకి లేచాయి. రెండు బద్దలు పక్కకు జరిగి సందు కనిపిస్తోంది. నా ప్రాణం ఉసూరుమంది.

తెల్ల జిగురుతో వేసిన నేలైతే ఆ పూటకు అంతే సంగతులు. కానీ ఇక్కడ కావలసిందల్లా వదిన ఇస్త్రీ పెట్టె, ఆవిడ కేకులకు వాడే బేకింగ్ పేపరు. నేల విడి పలక మీద ఉంది కాబట్టి గదిలోంచి లాగేశాను. పైన కాగితం పరిచి, ఆవిరి లేకుండా, లేచినచోట కొద్ది క్షణాలు పెట్టె ఆనించాను. జరిగిన రెండు బద్దలు స్కేలుతో తేలిగ్గా ఊడొచ్చాయి, వాటిని వరసలోకి తెచ్చి మళ్లీ పెట్టెతో వేడిచేశాను. అంతా వేడిచేయడంలోనే ఉందనుకుంటారు గానీ, చల్లారేదాకా చదునైన చెక్కముక్కతో అదిమి పట్టుకోవడమే ముఖ్యం. అతుకు పడేది అప్పుడే. మైనం పాలిష్ మాత్రం కాగితానికి అంటుకుని వచ్చేసింది, మళ్లీ రుద్దాల్సి వచ్చింది. సాయంత్రం కేకు కోసేలోపు ఇల్లు బల్ల మీద ఉంది. ఏ బద్ద జరిగిందో అడిగితే నేనే వెతుక్కోవాలి.

ఆ రోజు నుంచి నాకు దీని మీద ఇష్టం ఇంకా పెరిగింది. అంటించడం తేలిక కావడం కన్నా, ఊడదీసి మళ్లీ అంటించగలగడమే నాకిప్పుడు ఎక్కువ. అయితే ఒకే బద్దను పదేపదే వేడిచేయకూడదు, జిగురు అంచుల్లోంచి బయటికొచ్చి మరకవుతుంది. పడమటి ఎండ నేరుగా పడే కిటికీ దగ్గర ఆ ఇంటిని ఇప్పుడు పెట్టడం లేదు. వానకు ఢోకా లేదని ఇప్పటికీ అంటాను, ఎండ విషయంలో అంత గట్టిగా అనలేను.

టేకు గీత కూడా ఈ కొలతకు కాస్త పెద్దది. పూలు పూలుగా ఉన్న చుట్ట తీసుకుంటే ఒక్కో పువ్వు రెండు బద్దలంత ఉంటుంది, నేల బొమ్మలా కనిపిస్తుంది. నిలువు గీతలున్న చుట్ట అడిగి తీసుకోండి. ఈ టేపును షాపుల్లో ఎడ్జ్ బ్యాండ్ అంటారు, అలా అడిగితే ముందు పీవీసీది చేతికిస్తారు, చెక్కదే కావాలని నొక్కి చెప్పాలి. మందం అర మిల్లీమీటరే కాబట్టి ఉప్పు కాగితంతో గట్టిగా రుద్దితే అడుగు బయటపడుతుంది. గడప దగ్గర అరిగి గుంటపడిన పాత నేల చూపించాలనుకుంటే రెండు మి.మీ. మందమున్న ఐస్‌క్రీమ్ పుల్లలే నయం.

నా ఇంటి గదులు ముందువైపు తెరిచి ఉంటాయి, నేల పలకలు 3 మి.మీ. ఎమ్‌డీఎఫ్‌తో (చెక్క పొట్టును అదిమి చేసిన బోర్డు) విడిగా కోయించాను, అందుకే నాకు ఇంత బాగా కుదిరింది. నాలుగు గోడలూ అంటించేశాక నేల వేసేవాళ్లకు ఇస్త్రీ పెట్టె లోపల పట్టదు. సన్‌బోర్డుతో (తేలికైన ఫోమ్ బోర్డు) ఇల్లు కట్టుకున్నవాళ్లయితే దీన్ని కొనొద్దు, వేడికి బోర్డే వంకరపోతుంది. పుల్లల కన్నా ఖర్చు కూడా బాగానే ఎక్కువ. ఒక్క గదికైతే నేను కొంటాను, ఇల్లంతా వేయాల్సి వస్తే మాత్రం మేడగదికి టేపు, కింది గదులకు పుల్లలు.