మొబైల్ స్టార్టర్ కొత్త మోడల్: మూడు ఎండాకాలాలు వాడాక

గుర్రంపోడు మండలంలో మాకు నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. నేను నల్లగొండలో ఉద్యోగం చేస్తాను, తోట నాయిన చూసుకుంటాడు. 420 అడుగుల బోరు, అయిదు హార్స్‌పవర్ మోటరు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చింది. అంతకుముందు కరెంటు ఏ అర్ధరాత్రో వస్తే నాయిన బ్యాటరీ లైటు పట్టుకొని గట్ల వెంట పోయేవాడు. పాములు, తడి చేతులు, స్టార్టర్ డబ్బా. తిరిగి ఇల్లు చేరేదాకా అమ్మకు నిద్ర ఉండేది కాదు. ఫోన్ నుంచే మోటరు వేసి, ఆపే మొబైల్ స్టార్టర్ పెట్టించాలని అప్పుడే అనుకున్నాను.

2019లో కొన్న మొదటి డబ్బా మిస్డ్ కాల్ ఇస్తే మోటరు వేసేది, ఇంకోటి ఇస్తే ఆపేది. అంతకు మించి ఏమీ లేదు. 2022 మే నెలలో బోరు గ్యాప్ ఇస్తుంటే (నీళ్లు ఆగి ఆగి పోస్తుంటే) నీళ్లు లేకుండానే మోటరు తిరిగి తిరిగి కాలిపోయింది. పైకి తీయడానికి, వైండింగ్‌కు, మళ్లీ దించడానికి కలిపి పదమూడు వేలు అయింది. ఆ వారం తోటకు నీళ్లు లేక పిందె రాలింది. ఆ తర్వాతే కొత్త మోడల్ తీసుకున్నాను. యాప్, డ్రై రన్ (నీళ్లు లేకపోతే మోటరును ఆపేది), టైమర్, తెలుగులో మాట్లాడే వాయిస్, అన్నీ ఉన్నాయి. అప్పటి ధర 8,500. ఇలాంటివి చాలా కంపెనీలు అమ్ముతున్నాయి, ఫీచర్లు దాదాపు ఒకటే. అందుకే పేరు రాయడం లేదు.

అన్నింటిలోకి విలువైనది డ్రై రన్. బోరులో నీళ్లు తగ్గితే పంపు మీద బరువు తగ్గుతుంది, మోటరు లాగే ఆంపియర్లు పడిపోతాయి. వైరుకు తొడిగిన చిన్న కాయిల్ దాన్ని కనిపెట్టి మోటరు ఆపేస్తుంది. అయితే ఎన్ని ఆంపియర్ల దగ్గర ఆపాలో మనమే చెప్పాలి. బిగించడానికి వచ్చిన అబ్బాయి 4 అని పెట్టి వెళ్లిపోయాడు. నెల తర్వాత పైపు దగ్గర నిలబడి ఫోన్‌లో అంకెలు చూశాను. నిండుగా పోస్తున్నప్పుడు 8.4, ధార సన్నబడితే 7.1, పైపు గాలి కక్కడం మొదలుపెట్టాక 5.6. అంటే 4 మీద ఉంచితే అది ఎన్నటికీ ఆగదు! నెల రోజులు ఆ ఫీచర్ ఉండి కూడా లేనట్టే. 6.5 పెట్టాను. వోల్టేజీ తగ్గితే ఆంపియర్లు పెరుగుతాయి కాబట్టి మధ్యాహ్నం ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి చూసి ఖాయం చేసుకోండి. మూడు ఎండాకాలాలు గడిచాయి, మోటరు మళ్లీ పైకి తీయలేదు.

దీనికి జోడీ టైమర్. మేలో మా బోరు నలభై నిమిషాలు పోస్తే గంటన్నర ఊరాలి. అదే లెక్క పెట్టాను, రోజంతా దానంతట అదే ఆగి నడుస్తుంది. మోటరుకు వచ్చే మూడు ఫేజుల్లో (కరెంటు లైన్లలో) ఒకటి పోయినా వెంటనే ఆపుతుంది. మా ట్రాన్స్‌ఫార్మర్ మీద ఫీజులు (ఫ్యూజులు) పోవడం మామూలే కనుక ఇదీ చాలాసార్లు కాపాడింది.

ఆటో మోడ్ మాత్రం నేను వాడను. కరెంటు రాగానే మోటరు తనంతట తాను లేస్తుంది. 24 గంటల సరఫరా మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే అడిగింది. భూమిలో నీళ్లు అడుగంటుతాయని. మా దగ్గర ఆ మాట అక్షరాలా నిజం. తప్పక పెట్టుకునేవాళ్లు స్టార్ట్ డిలే వాడండి, అంటే కరెంటు వచ్చాక కొంత ఆగి మోటరు లేచేలా పెట్టుకోవడం. మోటరు లేచేటప్పుడు మామూలుకు ఆరు రెట్ల దాకా కరెంటు లాగుతుంది, పోయిన కరెంటు రాగానే పన్నెండు మోటార్లు ఒక్కసారిగా లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోదు. పక్క పొలాల వాళ్లతో మాట్లాడుకొని ఒకరు 30 సెకన్లు, ఇంకొకరు 60, అలా పెట్టుకోవాలి.

ఒక విషయం రాయకుండా ఉండలేను. పోయిన ఏడాది ఏప్రిల్‌లో ఆఫీసులో కూర్చొని యాప్‌లో ఆన్ నొక్కాను. మోటరు లేవలేదు, "కరెంటు లేదు" అని వచ్చింది. నాయినకు ఫోన్ చేస్తే, "నేను డబ్బాల వైరు కడుతున్న బిడ్డా, ఫీజులు పీకి పెట్టిన" అన్నాడు. నాకు కాళ్లు చల్లబడ్డాయి. ఆయనకున్న పాత అలవాటే ఆ రోజు కాపాడింది. దూరం నుంచి ఆన్ చేసే ముందు పొలంలో ఉన్న మనిషికి ఫోన్ చేయాలి. డబ్బా తెరిచే మనిషి ఫీజులు తీసి జేబులో వేసుకోవాలి. డబ్బా తెరిస్తే ఆన్ ఆజ్ఞను తీసుకోని ఏర్పాటు ఈ మోడల్‌లో లేదు. కంపెనీ వాళ్లు ముందు అది పెట్టాలి, గ్రాఫులూ రంగులూ తర్వాత.

యాప్ సంగతి. అప్‌డేట్ వచ్చాక చరిత్ర బాగా కనిపిస్తోంది, ఏ రోజు ఎన్ని గంటలు నడిచిందో తెలుస్తోంది. కానీ అదే అప్‌డేట్‌తో నాయిన చిన్న ఫోన్ నంబరు, డబ్బా ఒప్పుకునే నంబర్ల జాబితాలోంచి పోయింది. రెండు రోజులు మిస్డ్ కాల్ ఇస్తూనే ఉన్నాడు, డబ్బా పలకలేదు. నేను శనివారం ఊరికి పోయి మళ్లీ ఎక్కించాను. ఓటీపీలు, లాగిన్లు పొలంలో ఉండే మనిషికి పని కావు. ఆయనకు కావాల్సింది రింగ్ చేస్తే "మోటరు ఆన్ అయింది, మూడు ఫేజులు ఉన్నాయి" అని తెలుగులో వినపడటం. ఆ గొంతు స్పష్టంగా ఉంది, అందుకు పూర్తి మార్కులు.

కొనేముందు డబ్బాలో వేసే సిమ్‌కు బోరు దగ్గర సిగ్నల్ ఉందో లేదో చూసుకోండి. మాకు యాంటెన్నా వైరు బయటికి తీసి వేపచెట్టుకు కడితే తప్ప అందలేదు. డబ్బా అడుగున వైర్లు పోయే రంధ్రాలు ఎం-సీల్‌తో మూయించండి, లేదంటే బల్లులు దూరి కాంటాక్టుల మధ్య పడతాయి. సిమ్ రీచార్జ్ తేదీ క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి, మాది రెండుసార్లు అయిపోయి డబ్బా పలకలేదు.