అంగన్‌వాడీ బడి: చదువు మంచిదే, టీచరుకే తీరిక లేదు

అంగన్‌వాడీ కేంద్రం అనగానే గుడ్డు, పాలు, భోజనం గురించే మాట్లాడుకుంటాం గానీ, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు అక్కడ చెప్పే పూర్వ ప్రాథమిక విద్య ఎలా ఉందో చూసేవారు తక్కువ. ఖమ్మం జిల్లాలోని మా ఊరి కేంద్రానికి మా అమ్మాయి వెళ్తోంది. ఒకటో తరగతికి వెళ్లేనాటికి పిల్లలకు ఏం అలవడుతుందన్నదే కొలమానంగా తీసుకుంటే, ఈ కేంద్రానికి 5కు 3.5 మార్కులు ఇస్తాను.

ఇక్కడి టీచరు కథ చెబుతూ మధ్యలో ఆపి, తరవాత ఏమై ఉంటుందని పిల్లలనే అడుగుతారు. చింతపిక్కలను కుప్పలు పోయించి ఏది ఎక్కువో, ఎన్ని ఎక్కువో చెప్పిస్తారు. చూసేవారికి ఇదంతా కాలక్షేపంలా కనిపించవచ్చు గానీ, విన్నది గుర్తుంచుకోవడం, సొంత మాటల్లో చెప్పడం, ఎక్కువ తక్కువలను పోల్చడం రాని పిల్లలకు పై తరగతుల్లో పాఠం గానీ లెక్క గానీ తలకెక్కదు. పట్టణంలోని ఒక ప్రైవేటు నర్సరీలో చదివిన మా పెద్దవాడు నాలుగేళ్లకే ఏబీసీడీలతో నోటు పుస్తకాలు నింపాడు. రెండో తరగతికి వచ్చాక పాఠాన్ని గడగడా చదివి, అందులో ఏముందంటే తెల్లముఖం వేసేవాడు. అమ్మాయి ఇంకా అక్షరాలు సరిగా దిద్దలేదు, కానీ విన్న కథను ఇంటికొచ్చి పూర్తిగా చెబుతుంది (ఆమె చెప్పే కథల్లో నక్కకు ఎప్పుడూ శిక్ష పడదు). ఇద్దరు పిల్లలను చూసి సిద్ధాంతం చేయలేమన్నది నిజమే.

లోటల్లా సమయానిదే. పిల్లల బరువులు తూచడం, ఫోనులోని పోషణ్ ట్రాకర్ యాప్‌లో వివరాలు ఎక్కించడం, చిన్నపిల్లలకిచ్చే బాలామృతం పోషకాహార పొడి పంచడం, ఆరోగ్య లక్ష్మి పథకం కింద గర్భిణులకు, బాలింతలకు భోజనం పెట్టించడం, ఇవన్నీ ఒక టీచరు, ఒక ఆయా మీదే పడటంతో కథ చాలా రోజులు సగంలోనే ఆగిపోతుంది. తమిళనాడులో జరిగిన ఒక పెద్ద పరిశోధనలో అంగన్‌వాడీలకు సగం పూట పనిచేసే మరో కార్యకర్తను ఇస్తే, బోధన సమయం రెట్టింపైంది. 18 నెలల తరవాత అక్కడి పిల్లలు భాషలోనూ గణితంలోనూ స్పష్టంగా ముందున్నారు, తీవ్ర పోషకాహార లోపం కూడా తగ్గింది. 1975లో అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం మొదలైననాటి నుంచి పనులు పెరుగుతూనే ఉన్నా, చదువు చెప్పడానికే ప్రత్యేకంగా ఒకరిని ఇవ్వకపోవడం నాకు అర్థం కాని పొదుపు.

గది ఇరుకు, శుభ్రతకు లోటు లేదు. ఆట వస్తువులు మాత్రం పాడవుతాయన్న భయంతో ఎక్కువగా బీరువాలోనే ఉంటాయి, ఇది మారాలి. పిల్లలను చేర్పించదలచినవారు భోజన వేళకు కాక ఉదయం పూట వెళ్లి, టీచరు పిల్లలతో ఎంతసేపు మాట్లాడుతున్నారో, ఫోనుతో ఎంతసేపు గడపవలసి వస్తోందో కూర్చుని చూడండి. మా అమ్మాయిని మాత్రం ఆరేళ్లు నిండేవరకు ఇక్కడే ఉంచుతున్నాం.