రెండేళ్లు కాల్క్‌తో, పైతాన్‌తో కుస్తీ పట్టాక

చిత్తూరులో ఓ మామిడి మండీలో లెక్కలు రాయడం నా పని. జూన్, జూలైల్లో తోతాపురి లారీలు దిగుతుంటే తల ఎత్తే తీరిక ఉండదు. మిగతా నెలల్లో రాత్రి తొమ్మిది దాటాక ఓ గంట నాది. ఆ గంటలో రెండేళ్లుగా బిగినర్స్ లెక్కలు చేస్తున్నా. ఒకే లెక్కను ముందు ఎక్సెల్ లాంటి లిబ్రే ఆఫీస్ కాల్క్ షీట్‌లో, తర్వాత పైతాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో. రెండూ ఉచితమే. నాకైన ఖర్చల్లా పద్నాలుగు వేలు పెట్టి కొన్న పాత ల్యాప్‌టాప్, ఓ కోచింగ్ సెంటర్‌కి కట్టిన ఫీజు.

ఆ ఫీజు దండగే. వాళ్లిచ్చిన పైతాన్ జిరాక్సు నోట్సులో, స్క్రీన్ మీద చూపించమని చెప్పే ప్రింట్ ఆదేశం పక్కన బ్రాకెట్లు లేవు. ఉన్నదున్నట్టు కొడితే ఎర్ర అక్షరాల్లో తప్పు అని వచ్చేది. అడిగితే "మీ సిస్టమ్‌లోనే ఏదో ప్రాబ్లం సార్" అన్నారు. తిరుపతిలో బీటెక్ చదివే మా మేనల్లుడికి ఫొటో తీసి పంపితే, "మామా, ఇది పైతాన్ రెండు నాటి నోట్సు. బ్రాకెట్లు పెట్టు, పోతుంది" అన్నాడు. పైతాన్ మూడు వచ్చింది 2008లో. రెండుకి సపోర్ట్ కూడా 2020 జనవరి 1తో ఆపేశారు. నోట్సు మాత్రం అలాగే జిరాక్సు అవుతూ ఉంది.

మొదటి లెక్క అందరికీ ఉండేదే, ఎక్కం. పదమూడో ఎక్కం రాయించాలని 13 కొట్టి ఎంటర్ నొక్కాను. స్క్రీన్ మీద 13, కింద 1313, దాని కింద 131313. ఎవరో రామకోటి రాస్తున్నట్టు వరసగా దిగింది. పక్కనే హోంవర్క్ చేసుకుంటున్న మా పాప, "నాన్నా, దీనికి నాకన్నా లెక్కలు రావు" అని ఒకటే నవ్వు. సంగతేమిటంటే, మనం ఇన్‌పుట్‌గా ఇచ్చిన 13ను పైతాన్ అంకెగా తీసుకోదు, అక్షరాలుగా తీసుకుంటుంది. అక్షరాలను రెండుతో గుణిస్తే రెండుసార్లు రాస్తుంది. అంకెగా మార్చే ఇంట్ అనే ఆదేశంతో చుట్టి ఇస్తేనే అంకె. అది సరిచేశాక ఎక్కం 117 దగ్గర ఆగిపోయింది, పదో వరస లేదు. ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అని చెప్పే రేంజ్‌లో 1, 10 అని ఇస్తే తొమ్మిదితోనే ఆగుతుందట. 11 అని ఇవ్వాలి. ఈ ఒక్క సంగతి మీద నేను పోగొట్టుకున్న రాత్రులు లెక్కపెట్టలేదు.

నాకు బాగా పనికొచ్చిన లెక్క ఇంకోటి. వెయ్యి లోపు 3తో గానీ 5తో గానీ నిశ్శేషంగా పోయే సంఖ్యలన్నీ కూడాలి. పైతాన్‌లో మూడుకి ఒక లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించేది), అయిదుకి ఒక లూప్ రాసి రెండూ కలిపాను. 266333 వచ్చింది. జవాబు 233168. కోడ్ ఎన్నిసార్లు చదివినా తప్పు కనపడదు. కోపమొచ్చి షీట్ తెరిచి 'ఏ' అనే మొదటి కాలమ్‌లో 1 నుంచి 999 దాకా లాగి, బీలో మూడు ఎక్కం సంఖ్యలు, సీలో అయిదు ఎక్కం సంఖ్యలు వచ్చేట్టు ఫార్ములా పెట్టాను. కిందకి జరుపుతుంటే పదిహేనో వరసలో రెండు గళ్లూ నిండి ఉన్నాయి. ముప్పైలోనూ అంతే. అంటే 15 ఎక్కంలో వచ్చేవన్నీ రెండుసార్లు కూడాను. వాటి మొత్తం 33165, అది తీసేస్తే జవాబు సరిపోయింది. మండీలో ఒకే తూకం చీటీ రెండుసార్లు ఎక్కితే జరిగేది ఇదే. ఇలాంటిది కంటితో చూడాలంటే షీట్‌ని మించింది లేదు.

అలాగని షీట్‌ని గుడ్డిగా నమ్మితే కొంప ముంచుతుంది. ప్రాక్టీసు కోసం రేట్ల పట్టిక ఒకటి వేసుకున్నా. తోతాపురి, నీలం, బేనీషా, మల్గూబ, ఇలా అక్షర క్రమంలో. పేర్లన్నీ తెలుగులోనే. మల్గూబ కిలో 80 అని రాసుకున్నా. రుమాని పట్టికలో చేర్చడం మర్చిపోయా. బిల్లులో రుమాని అని కొట్టి పట్టికలో పేరు వెతికి రేటు తెచ్చే వీలుకప్ ఫార్ములా పెడితే ఎర్రరేమీ రాలేదు. 80 అని చక్కగా కూర్చుంది! ఫార్ములాలో నాలుగో స్థానం ఖాళీగా వదిలితే, వెతికేది దొరక్కపోయినా అక్షర క్రమంలో దానికి ముందున్న పేరు పట్టుకుని దాని రేటు ఇచ్చేస్తుంది. ఎక్సెల్‌లోనూ ఇదే వరస. ఆ నాలుగో స్థానంలో సున్నా వేస్తే దొరకలేదని "ఎన్ఏ" చూపిస్తుంది, అప్పుడు మనకి తెలుస్తుంది. అదే పట్టికని పైతాన్‌లో డిక్షనరీగా (పేరు, దాని పక్కన రేటు) పెట్టి రుమాని అడిగితే ఆ పేరు లేదని, కీ ఎర్రర్ అని అరిచి అక్కడే ఆగిపోయింది. మొదట్లో ఆ అరుపులకి టెన్షన్ పడేవాణ్ణి. ఇప్పుడు ఏ శబ్దమూ లేకుండా జవాబు వస్తేనే అనుమానం. 131313 అప్పుడు పైతాన్ కూడా నోరు మెదపలేదు కదా.

షీట్‌లో ఇంకో చిన్న జాగ్రత్త. అంకె గడిలో ఎడమవైపుకి ఆనుకుని ఉంటే చాలావరకు అది అంకె కాదు, అక్షరాలు. కూడే ఫార్ములా సమ్ దాన్ని వదిలేస్తుంది, మొత్తం తక్కువ వస్తుంది. నేను కొత్త ఫైల్ తెరిస్తే ముందు చూసేది గళ్లలో అంకెలు ఏ వైపు ఆనుకున్నాయనే. తేదీల గొడవ కూడా ఉంది కానీ అది రాస్తే తెల్లారుతుంది.

ఎవరికి పనికొస్తుందంటే, ఇప్పటికే చేత్తో లెక్కలు రాసే అలవాటున్నవాళ్లకి. మూడు నెలల్లో ఉద్యోగం అనుకునేవాళ్లకి ఈ పద్ధతి నేను చెప్పను. నాకు ఎక్కం నుంచి డిక్షనరీ దాకా రావడానికే ఏడాది పట్టింది, మధ్యలో ఒక సీజన్ మొత్తం ల్యాప్‌టాప్ బీరువాలోనే ఉంది.

ఇప్పుడు ఫైళ్ల లెక్కల దగ్గర ఉన్నా. తెలుగు పేర్లతో సీఎస్‌వీ ఫైల్ (కామాలతో విడదీసిన పట్టిక) రాయమంటే నా విండోస్‌లో పైతాన్ మొరాయించింది. ఫైల్ తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ (అక్షరాలను దాచే పద్ధతి) యూటీఎఫ్-8 అని చెప్పాక రాసింది. దాన్ని మా ఓనర్ కంప్యూటర్‌లో ఎక్సెల్‌తో తెరిస్తే తోతాపురి ఉండాల్సిన చోట పిచ్చి గుర్తులు. ఎన్‌కోడింగ్ దగ్గర "యూటీఎఫ్-8-సిగ్" అని మార్చి మళ్లీ పంపాను. తెరిచి చూసి "ఆఁ, ఇప్పుడు కనపడతా ఉందిలే" అన్నాడాయన.