నాలుగేళ్లుగా మా పెరట్లో కుందేలు గత్తం

మాది పర్లాకిమిడి. పెరడంతా ఎర్ర నేల. వానకి బంక, ఎండకి గునపం దిగనంత గట్టి. పిల్లల సరదాకి తెచ్చిన రెండు కుందేళ్లు ఆరయ్యాక, గూటి కింద పోగవుతున్న పెంటికల్ని ఏం చేయాలో తెలీక మడుల్లో చల్లడం మొదలుపెట్టాను.

కోళ్ల పెంటలా ఇవి మొక్కని మాడ్చవు. పొడిగా గోలీల్లా ఉండి మెల్లగా కరుగుతాయి కాబట్టి నేరుగా మొక్క మొదలు దగ్గర వేసేయొచ్చు. పశువుల గత్తంలో నత్రజని సుమారు 0.5 శాతమైతే వీటిలో దాదాపు 2 శాతం. పక్కింటి మామ్మ చూసి "మేక పెంటికల్లాంటివే కదమ్మా, దీనికింత హడావుడా" అంది. ఆ ఏడాది మా ఆనప పాదు చూశాక ఆవిడే గమేళా పట్టుకుని వచ్చింది.

ఇక నా తప్పు. పెంటికలు నేరుగా వేయొచ్చు కదా అని, గూటి కింద గడ్డిని కూడా అలాగే తెచ్చి మిరప నారు చుట్టూ పరిచాను. ఆ గడ్డి నిండా మూత్రం. వారంలో ఆకుల అంచులు మాడి సగం నారు పోయింది. అమ్మోనియా ఘాటు ముక్కుకి తగులుతోందంటే అది ఇంకా మొక్కకి పనికిరాదని అప్పుడు తెలిసింది.

అప్పటినుంచి ఆ గడ్డి మొత్తం కంపోస్టు కుప్పకే. గమేళా గడ్డికి రెండు గమేళాల ఎండు మామిడాకులు, పైన వంటింటి తొక్కలు. పిడికిట పిండితే చెయ్యి తడవాలి గానీ నీరు కారకూడదు. నాలుగైదు రోజులకే లోపల చెయ్యి పెట్టలేనంత వేడి. వారానికోసారి తిరగేస్తే మూడు నెలలకి నల్లగా పొడిపొడిగా తయారవుతుంది. వానల్లో టార్పాలిన్ కప్పకపోతే సారమంతా కాలవపాలే. ఒక ఏడు బద్ధకించి అదీ చూశాను.

కొత్తిమీర, ముల్లంగి పచ్చిగా తింటాం కాబట్టి ఆ మడులకి మాగిన కంపోస్టే వేస్తాను. టమాటాకి చెయ్యి జారి గత్తం ఎక్కువైతే ఆకే ఆకు, కాయ ఆలస్యం.

మొదటి ఏడాది నేల మారలేదు. రెండో ఏడు చివర్లో వానపాములు కనిపించాయి. ఇప్పుడు వంగ మడిలో పార సులువుగా దిగుతోంది.

గత్తం కోసమే కుందేళ్లు పెంచాలా అంటే, నేనైతే వద్దంటాను. మే ఎండకి అవి తట్టుకోలేవు. గూటి మీద తడి గోనెలు కప్పాలి, మధ్యాహ్నం కరెంటు పోతే టెన్షన్. ఇంత చేసినా ఆరు కుందేళ్ల గత్తం మా ఆరు మడులకి బొటాబొటి. దగ్గర్లో ఎవరైనా పెంచుతుంటే ఒక గోనెసంచి నింపి తెచ్చుకోండి. మామ్మ ఇప్పటికీ చేసేది అదే.