ఏడేండ్ల నుంచి 1938 బ్యూక్‌తో: తొక్కితే లేచే సెల్ఫ్ గురించి ఒక ముచ్చట

బ్యూక్ అనే ఈ పాత అమెరికా కారు గురించి అడిగేటోళ్లు ముందుగాల లీటరుకు ఎంతిస్తది అనే మొదలుపెడ్తరు. ఐదు. ఆ ముచ్చట అక్కడికి అయిపోయింది. ఎనిమిది సిలిండర్లు ఒకే వరుసల, 107 హార్స్‌పవర్, ఇవన్నీ ఎక్కడైనా దొరుకుతయి. నేను చెప్పదలుచుకున్నది దాని సెల్ఫ్ గురించి.

1938 బ్యూక్ స్పెషల్‌కు సెల్ఫ్ బటన్ ఉండదు. తాళం తిప్పితే ఒక ముల్లు కదులుతది, అంతే. ఎక్సలేటర్‌ను కిందిదాకా తొక్కాలె. అప్పుడు ముంగట ఎక్కడో ‘కుర్ర్’ అని ఒక గురక లేస్తది, రెండు సెకండ్లకు ఇంజిన్ పట్టుకుంటది. పట్టుకున్నది అన్న సంగతి కూడా చెవికి కాదు, సీటు కింద కాళ్లకు తెలుస్తది. పెట్రోల్‌ల గాలి కలిపే కార్బురేటర్‌ల వేలెడంత స్విచ్చు ఉంటది. పెడల్ తొక్కితే కరెంటు కలుస్తది, ఇంజిన్ లేచినంక లోపలికి గాలి గుంజే జోరు, అదే వాక్యూమ్, దాన్ని గుంజి తప్పిస్తది, ఆ తర్వాత ఎంత రేజ్ ఇచ్చినా సెల్ఫ్ జోలికి పోదు. ఎనభై ఏండ్ల కింద ఇంత తెలివి ఎవనికొచ్చిందో అని కొన్న కొత్తల రోజుకు పదిసార్లు ఆపి మళ్లీ లేపేటోణ్ణి. మా అమ్మ అరుగు మీద కూసోని చూసి, “తొక్కితే లేస్తదా? మన ఎడ్లు నయం, తోక మెలేస్తే లేచేటివి” అన్నది.

అప్పుడప్పుడు పొద్దున ఆరున్నరకు మా నల్గొండ పక్కన పానగల్లు పోయి, ఉదయ సముద్రం చెరువు కట్ట మీద కొంచెంసేపు ఆగి, ఎనిమిదింటికల్లా ఇల్లు చేరుడు నాకు అలవాటు. ఆ టైముల ఈ బండిని మించింది లేదు. మూడో గేరులనే మనిషి నడకంత నిమ్మళంగా పోతది, మళ్లీ కాలు నొక్కితే గుంజుకోకుండా లేస్తది. వైపర్లు మాత్రం కాలు గట్టిగా తొక్కితే ఆగిపోతయి, అవి కూడా వాక్యూమ్ మీదనే. నల్గొండల వానలెన్ని పడ్తయి గనుక. కొన్న ఆర్నెల్లకు దోస్తుల గ్రూపుల “కండ్లు మూసుకొని కొనండి” అని రాసిన. ఆ మాట వాపసు తీసుకుంటలేను గానీ, ఇప్పుడైతే ఒక కన్ను తెరిచి కొనమంట.

ఎందుకో చెప్త. కొన్న రెండో ఎండాకాలం, మే నెల, మా అక్క కొడుకు పెండ్లి. నడకంత నిమ్మళంగా పోయే బండి ఇంట్ల ఉంటే బరాత్‌కు ఇంకో బండి ఎట్ల తెస్తరు? పెండ్లికొడుకు, పెండ్లికూతురు వెనక సీట్ల. ముంగట పోరగాండ్లు తీన్మార్. వెనక డీజే బండి, దాని జనరేటర్. రాత్రి తొమ్మిది దాటినా దేవరకొండ రోడ్డు మీద తారు ఇంక సెగ కక్కుతనే ఉంది. ఈ ఇంజిన్‌ను సల్లబరిచే ఫ్యాను బెల్టు మీద నడుస్తది, ఇంజిన్ ఎంత తిరిగితే అదీ అంతే తిరుగుతది. బరాత్‌ల ఇంజిన్ తిరిగేది ఎంత? నలభై నిమిషాలకు ఒక దగ్గు దగ్గి ఆగింది.

పెట్రోల్ పంపు ఇంజిన్‌కే బిగించి ఉంటది. ఆ వేడికి పంపులనే పెట్రోల్ ఆవిరైతది, ఆవిరిని ఆ పంపు గుంజలేదు. ఇది ఇప్పుడు తెలిసిన సంగతి. అప్పుడు నేను చేసింది, ఏ డ్రైవరైనా చేసే పనే, కొంచెం రేజ్ ఇద్దామని కాలు పెట్టిన. ఆగిన బ్యూక్‌ల అది రేజ్ కాదు, సెల్ఫ్. కాలు పెట్టినప్పుడల్లా కుర్ర్, కుర్ర్. నేనేమో పెట్రోల్ ఇస్తున్న అనుకుంటున్న, అదేమో బ్యాటరీ తాగుతున్నది. ఏడో ఎనిమిదో సారికి కుర్ర్ కాస్తా ‘టక్’ అయింది. హెడ్‌లైట్లు కందిపప్పు రంగుకొచ్చినయి.

“మామా, ఏమైంది?” అని వెనక నుంచి పెండ్లికొడుకు. ఒక ట్రాక్టర్ ఆయన పాపం మంచి మనసుతోని తన బ్యాటరీ విప్పుకొస్తానన్నడు. అది పన్నెండు వోల్టులు, ఇది ఆరు. లైట్లు, మీటర్లు మాడిపోతయని వద్దన్న. వరుసకు పిన్ని అయ్యే ఒకామె “కోడలు గడప తొక్కకముందే బండి ఆగింది” అని మొదలుపెట్టింది. పెండ్లిపిల్ల చీరకొంగుతో విసురుకుంటనే, “బండికి వయసైంది పిన్నీ, నాకెందుకు అంటగడ్తరు?” అన్నది. డీజే పిలగాడు మైకుల “తోసేటోళ్లంతా ముంగటికి రావాలె” అని బీట్ మార్చిండు. ఇల్లు చేరేదాకా తోసిండ్రు. అంత బరువున్న ఇనుము అది, వాళ్లకు ఇప్పటికీ నా మొఖం చూపిస్త లేను.

తెల్లారి మా ఊరి పాత ఆటో ఎలక్ట్రీషియన్ చాచా దగ్గరికి పోయిన. ఆయన ఇంజిన్ వైపు చూడనే లేదు. బ్యాటరీ చార్జ్ చేసి, నన్ను సెల్ఫ్ తొక్కమని, తను కేబుల్ మీద చెయ్యి పెట్టిండు. తర్వాత నా చెయ్యి పట్టి పెట్టిచ్చిండు. అప్పుడే పోసిన చాయ్ గ్లాసు లెక్క కాలింది. “సార్, ఇది పన్నెండు వోల్ట్ బండి వైరు. ఆరు వోల్ట్‌కు డబుల్ కరెంట్ పోవాలె. ఎట్ల పోతది?” అన్నడు. ఇంకోటి, ఎర్త్ బిగించిన చోట ఛాసిస్‌కు మెరిసే నల్ల రంగు. ఆ రంగు మీదనే బోల్టు బిగించిండ్రు. బండిని రీస్టోర్ చేసినోళ్లు అద్దం లెక్క వేసిన రంగే ఇన్నొద్దులు కరెంటును ఆపింది.

చాచా ఆ రంగు గీకి, రాగి తీగల వెల్డింగ్ కేబుల్, 70 స్క్వేర్ ఎంఎంది, రెండు వైపులా వేసిండు. ఖర్చు చెప్తే నవ్వుతరు, పెండ్లికి కట్టిన పూలదండల కంటే తక్కువ. ఆ రోజు నుంచి గురక గొంతే మారింది. పంపుకు మాత్రం ఇలాజు తడిగుడ్డే. ఏప్రిల్, మే నెలల డిక్కీల ఒక గోనెపట్టా ముక్క, ఐదు లీటర్ల నీళ్లు ఉంటయి. ఆగితే తాళం బంద్ చేసి, పంపు మీద తడిపట్టా కప్పి పావుగంట కూసుంట. తాళం బంద్ చేసినంకనే కాలు పెడల్ మీదికి పోవాలె. ఇది నేర్చుకునేసరికి ఒక బ్యాటరీ పోయింది, ఆరు వోల్టుల పెద్ద బ్యాటరీ మా ఊర్ల దొరకదు.

పన్నెండు వోల్టులకు మార్చుకో అని సగం మంది సలహా ఇస్తరు. తప్పనను. నాకే మనసొప్పలే.

ఇంక చిన్న చిన్నవి. రేడియేటర్‌ల మా బోరు నీళ్లు పోయొద్దు, నల్గొండ నీళ్ల సంగతి తెలిసిందే. బంకుల్ల ఇప్పుడు వచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోల్ పాత రబ్బరును తింటది, పంపు లోపలి రబ్బరు పొర, డయాఫ్రమ్ అంటరు, ఒకసారి మార్పిచ్చిన. కాగితాల విషయానికొస్తే, 2021 జులైల వచ్చిన కేంద్రం నిబంధన ప్రకారం 50 ఏండ్లు దాటిన బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ వేరే, కొత్తగా చేపిస్తే 20,000 రూపాయలు, పదేండ్లకు. రోజూ తిప్పుకునుడుకు, కిరాయికి కుదరదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోల్, రిపేరు, గింతే. అది చదివినంక ఇంటి పెండ్లి అయినా బరాత్‌కు తీయలే. ఇగ ఇటువైపు అమ్మేటోళ్లు ‘వనపర్తి సంస్థానందే’, ‘గద్వాల దొరలదే’ అంటరు. నాకూ అట్లనే చెప్పిండ్రు. కాగితాలల్ల ఏ దొరా కనపడలే. బ్యూక్ తయారుచేసే జనరల్ మోటార్స్ వాళ్లు బాంబేల 1928 నుంచే కార్లు బిగించిండ్రు, బ్యూక్ అనంగనే రాజులదే కావాల్నని ఏం లేదు.

ఇప్పుడు ఇసొంటిదే ఒకటి రీస్టోర్ చేసి అమ్మకానికి పెట్టిండ్రట, కొనాల్నా అని ఇద్దరు ముగ్గురు అడిగిండ్రు. నాకు షెడ్డు ఉంది, రెండు వీధుల అవతల చాచా ఉన్నడు, పొద్దున ఖాళీగా ఉండే రోడ్డు ఉంది. ఈ మూడు లేకుంటే నేను ఉంచుకునేటోణ్ణా అంటే చెప్పలేను. ఉంచుకున్నందుకు మాత్రం ఇప్పటికైతే బాధ లేదు, మే నెల తప్ప.

చూడనీకి పోతే పొద్దున పోకండి, మధ్యాహ్నం రెండింటికి పోండి. రంగు, తోలు సీట్లు తర్వాత చూడొచ్చు, బానెట్ లేపి బ్యాటరీ కేబుల్ మీ బొటనవేలంత ఉందా చూడండి. ఇరవై నిమిషాలు నడిపిచ్చి, ఆపమని, చాయ్ తాగి, అప్పుడు మళ్లీ లేపమనండి. ఆ తొక్కుడు మీరు తొక్కకండి, అమ్మేటాయనతోనే తొక్కియ్యండి.