లారీ డ్రమ్ములకు నాలుగేళ్లుగా గురిపెడుతున్న టెంపరేచర్ గన్

నా పది టైర్ల లారీకి వెనక బ్రేకు డ్రమ్ము కాలడం మొదలైనప్పుడు, ఆ వేడిని కొలవడానికి నా దగ్గర ఉన్న పనిముట్టు అరచేయి ఒక్కటే. సెగ తగిలితే వేడెక్కినట్టు, చేయి వెనక్కి లాక్కుంటే బాగా వేడెక్కినట్టు లెక్క. కరోనా రోజుల్లో ఇంటికి కొన్న జ్వరం గన్నును ఒకసారి పట్టుకెళ్లి చూశాను. మనిషి ఒంటి వేడి దాటితే దానికి అంకెలే రావు. చివరికి సుమారు 1,500 రూపాయలు పెట్టి, కార్ఖానాల్లో వాడే రకం, తాకకుండానే వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్ కొన్నాను. మైనస్ 50 నుంచి 550 డిగ్రీల దాకా చూపిస్తుంది. నాలుగేళ్లు దాటింది, ఇంకా పనిచేస్తోంది.

నేను ఎక్కువగా రాయపూర్ నుంచి జగదల్‌పూర్, కోరాపుట్ మీదుగా విశాఖకు ఇనుము తోలుతాను. సుంకి దాటాక సాలూరు వైపు దిగే ఘాట్‌లో ఏ లారీకైనా డ్రమ్ములు వేడెక్కుతాయి, అందులో వింత లేదు. నాకు అనుమానం వచ్చింది సాలూరులో కాదు, విజయనగరం చేరువలో, చదును రోడ్డు మీద. టీ కోసం ఆపితే క్లీనర్ వైపు చివరి ఇరుసు నుంచి, బ్రేకు వేస్తే డ్రమ్మును ఒరుసుకునే లైనర్ కాలిన వాసన వచ్చింది. లైనరుకీ డ్రమ్ముకీ మధ్య సందు సరిచేసే స్లాక్ అడ్జస్టర్ బిగుతుగా ఉందని మెకానిక్ వదులు చేశాడు. మళ్లీ వాసన. ఈసారి లైనర్లు మార్చాడు, ఆ తరువాత రిటర్న్ స్ప్రింగులు, ఆ తరువాత చక్రం బేరింగు. ప్రతిసారీ రెండు రోజులు బండి షెడ్డులోనే. గన్ కొన్నది ఆ విసుగులోనే.

కొన్నాక చేసిన మొదటి పని ఇది. పొద్దున్నే డ్రమ్ములు చల్లగా ఉన్నప్పుడు బయలుదేరి, ఖాళీ రోడ్డు మీద పది కిలోమీటర్లు బ్రేకు తొక్కకుండా నడిపి, బండిని దానంతట అది ఆగనిచ్చి నాలుగు వెనక చక్రాలకూ గురిపెట్టాను. మూడు చోట్ల 45, 48, 46. నాలుగో చోట 131. బ్రేకు తొక్కనే లేదు కాబట్టి అది ఘాట్ వేడి కాదు, నా కాలి తప్పూ కాదు. ఆ చక్రానికి బ్రేకు పట్టే ఉంటోంది. అప్పటిదాకా మెకానిక్‌తో నా మాట నెగ్గేది కాదు. ఫోనులో ఆ అంకెల ఫొటోలు చూపించాక ఆయన కూడా లైనర్ల ఊసు మాని కింద పడుకుని చూశాడు.

మిగతా చక్రాలకు అడ్డు దిమ్మలు పెట్టి, ఆ ఒక్కదాన్ని జాకీ మీద ఎత్తాం. బ్రేకుల గాలి ఎనిమిది బార్ ఒత్తిడికి నిండింది, హ్యాండ్ బ్రేకు విడిచాం. చక్రాన్ని చేత్తో తిప్పితే బరబరమంటూ అరచుట్టు తిరిగి ఆగింది. గాలి లేనప్పుడు స్ప్రింగుతో బ్రేకు పట్టించి, గాలి నిండితే విడిచే డబ్బాను స్ప్రింగ్ బ్రేక్ చాంబర్ అంటారు. మెకానిక్ దాని వెనక ఉండే రిలీజ్ బోల్టు తిప్పి స్ప్రింగును వెనక్కి లాగాడు. చక్రం గిరగిరా తిరిగింది! అంటే దోషం డ్రమ్ములో లేదు, చాంబర్‌లో ఉంది. సబ్బు నీళ్లు పోస్తే గాలి బయటికి పోయే రంధ్రం దగ్గర సన్నని నురగ. లోపలి రబ్బరు చిరిగి గాలి కారుతోంది. స్ప్రింగు పూర్తిగా వెనక్కి వెళ్లక, బ్రేకు సగం పట్టి ఉండగానే బండి నడుస్తోంది. చాంబర్ మొత్తంగా మార్చాం. పాతదాన్ని విప్పి బాగుచేస్తానని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. లోపల నొక్కి ఉంచిన ఆ స్ప్రింగు ఎగిరితే మనిషి ప్రాణం తీస్తుంది.

ఇక గన్ సంగతి. అంకె ఒక్కటే చూస్తే మోసపోతారు, పక్క చక్రంతో పోల్చి చూడాలి. దీని మీద 12:1 అని రాసి ఉంటుంది. అంటే అడుగు దూరంలో పట్టుకుంటే అంగుళం వెడల్పు చోటు కొలుస్తుంది. దూరంగా నిలబడితే డ్రమ్ముతో పాటు రిమ్మునూ కలిపి తక్కువ చూపిస్తుంది. అందుకే రిమ్ము రంధ్రంలోంచి, ప్రతిసారీ అదే చోటుకు గురిపెడతాను. గురి చూపించడానికి గన్ వేసే ఎర్ర చుక్క మధ్యాహ్నం ఎండలో కనిపించదు. వేసవిలో క్యాబిన్‌లో వదిలేస్తే గన్నే వేడెక్కి పిచ్చి అంకెలు ఇస్తుంది, కాసేపు నీడలో ఉంచాలి. చౌకగా వచ్చే తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఏడెనిమిది నెలలు వస్తుంది. మూడో ఏట ట్రిగ్గర్ స్ప్రింగు విరిగింది, రబ్బరు బ్యాండుతో నెట్టుకొస్తున్నాను.

ఒకసారి నన్ను బాగా బోల్తా కొట్టించింది కూడా. ఫిట్‌నెస్ తనిఖీకి ముందు బండికి రంగులు వేయిస్తే, కుర్రాడు ఉత్సాహంగా డ్రమ్ములకూ వెండిరంగు పూశాడు. ఆ వారం ఘాట్ దిగాక డ్రమ్ములన్నీ ఎప్పుడూ లేనంత చల్లగా చూపించాయి. సంబరపడ్డాను. చేయి దగ్గర పెడితే సెగ మాత్రం ఎప్పటిలాగే. మెరిసే పూత మీద ఈ గన్ తక్కువ చదువుతుందని అప్పుడు తెలిసింది. ఇప్పుడు ప్రతి డ్రమ్ము మీదా కొంత గీకి, వేడికి తట్టుకునే నల్లరంగు మచ్చ పెట్టుకున్నాను.

కిందటి ఏడు మాత్రం మరోలా అయింది. సాలూరులో దిగి కొలిస్తే మూడు డ్రమ్ములు 210 చుట్టూ, డ్రైవర్ వైపు మధ్య ఇరుసుది 70. మా క్లీనర్ ఆ మూడింటి మీద నీళ్లు పోయబోతే ఆపాను, కాలిన డ్రమ్ము మీద నీళ్లు పడితే పగుళ్లు వస్తాయి. చెడిపోయింది ఆ మూడూ కావు, చల్లగా ఉన్న నాలుగోదే. దాని స్లాక్ అడ్జస్టర్ బాగా వదులై బ్రేకు పట్టడం లేదు, ఆ పని కూడా మిగతావే చేస్తున్నాయి. అరచేత్తో చూసే రోజుల్లో అయితే ఆ చల్లటి చక్రం దగ్గరకు వెళ్లేవాణ్ణే కాదు.